బ్రిటిషు కార్ల అపకీర్తి

బ్రిటిషు కార్లు నమ్మదగినవి కావను అపవాదు లోకమున స్థిరపడియున్నది. అది నిర్హేతుకమని మేము వాదింపజాలము. కాని దానిని పనివాని చేతికి అంటగట్టుట న్యాయము కాదు.

1950 నాటికి కార్ల ఎగుమతియందు ప్రపంచమున బ్రిటనుదే అగ్రస్థానము. ఆ దశకపు మారిస్ ఆక్స్‌ఫర్డే కలకత్తా చెంత ఉత్తరపారాలో అంబాసిడరై 2014 వరకు తయారగుచు వచ్చినది. ఎంతటి మారుమూల మెకానిక్కైనను దానిని విప్పి బిగింపగలిగెడివాడు.

1968లో పలు కంపెనీల కలయికచే బ్రిటిష్ లేలాండు ఏర్పడెను. తమలో తామే పోటీపడు నమూనాలను తగ్గింపక, కొత్త యంత్రములకు చాలినంత ధనము వెచ్చింపక, సమ్మెలతో సతమతమై, 1975లో ఆ సంస్థ ప్రభుత్వపరమయ్యెను. సమ్మెలలో పనివారికి బాధ్యత లేదని మేమనము. కాని నమూనాలను, పెట్టుబడిని నిర్ణయించినది వారు కారు గదా! 1977లో ఐరోపా ఉత్తమ వాహనమను బిరుదందిన రోవర్ ఎస్‌డి1, కూర్పు లోపములకును, విద్యుత్సాధనముల మొరాయింపునకును అంతే పేరుమోసెను.

ఆ కారు మన దక్షిణాదికిని వచ్చినది. 1985లో మద్రాసు స్టాండర్డు కంపెనీవారు దాని దేహమున వాన్‌గార్డు నాటి యింజను నమర్చి ‘స్టాండర్డు 2000’ అని అమ్మజూపిరి. కొత్త పల్లకికి ముసలి బోయీలను పెట్టినట్లయ్యెను. 1988తో దాని కథ ముగిసినది.

సరకు చెడినప్పుడెల్ల పనివానినే వేలెత్తి చూపుట మన యజమానులకును అలవాటే. వారు సండర్లాండు వైపు చూడవలెను. అచ్చట 1986లో నిస్సాన్ వారు తెరచిన కర్మాగారమున పనివారు ఆంగ్లేయులే. దోషము పుట్టినచోటనే పట్టి సరిదిద్దు పద్ధతి జపానుది. అచ్చట తయారైన మైక్రా 1993లో, వెనుక రోవరు పొందిన ఆ బిరుదమునే పొందినది; రోవరు అపకీర్తి మాత్రము దాని కంటలేదు.