చలికి వెలిగే దీపం

నవంబరు వచ్చిందంటే మా మినియాపొలిస్ శివార్లలో రెండు రకాల దీపాలు వెలుగుతాయి. ఇళ్ళ ముందు చెట్లకు చుట్టే క్రిస్మస్ దీపాలు మొదటివి. రెండవది కారు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా వెలిగే చిన్న బొమ్మ. గుర్రపునాడా మధ్యలో ఆశ్చర్యార్థకం నిలబెట్టినట్టుంటుంది. టైరును అడ్డంగా కోస్తే కనబడే ఆకారమట అది. నాకైతే అది ఏనాడూ టైరులా కనిపించలేదు, అడుగున పళ్ళు మొలిచిన కుండలా కనిపిస్తుంది. టైర్లలో గాలి తగ్గిందని దాని భావం. మొదటి దీపాలను చూసి జనం ముచ్చటపడతారు, రెండవదాన్ని చూసి "ఆ, చలికేలే" అంటారు. ఈ "చలికేలే" అన్న మాట మీదనే నా ఫిర్యాదు.

ఆ మాట నేనూ అన్నవాణ్ణే. అందుకే రాస్తున్నాను.

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత ఫారన్‌హైటు లెక్కన సున్నాకు 28 డిగ్రీలు దిగువకు పడింది. మనవాళ్ళకు అలవాటైన కొలతలో మైనస్ 33. ఆ వారం వీధిలో ఏ కారు స్టార్ట్ చేసినా ఆ కుండబొమ్మ వెలుగుతూనే ఉంది. మా అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్ళు. లైసెన్సు వచ్చి నాలుగు నెలలు, మా పాత కారు తనకిచ్చాం. "నాన్నా, ఏదో పసుపు దీపం వెలుగుతోంది" అంది. నేను కాఫీ కప్పు లోంచి తల ఎత్తకుండానే "అది చలికి వస్తుందమ్మా, పట్టించుకోకు" అన్నాను. పక్కింటి పెద్దాయన నాకు మొదటి శీతాకాలంలో చెప్పిన మాటే అది. దాన్ని నేను స్థానిక జ్ఞానం అనుకుని దాచుకుని, నా కూతురికి ఆస్తిలా అప్పజెప్పాను.

ఆ రోజుకు ఆ మాట తప్పు కాదు. లెక్క చూద్దాం. మా కారుకు తయారీదారు చెప్పిన గాలి చదరపు అంగుళానికి 32 పౌన్లు. గేజీ చూపించేది టైరు లోపలి మొత్తం పీడనాన్ని కాదు, బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువుందో దాన్ని మాత్రమే. సముద్రమట్టపు లెక్కన వాతావరణం వాటా 14.7 కలిపితే లోపల నిజంగా ఉన్నది 46.7 పౌన్లు. 70 డిగ్రీల మధ్యాహ్నం సరిగ్గా 32 నింపామనుకోండి. మైనస్ 28కి వచ్చేసరికి, పరమశూన్యం నుంచి కొలిస్తే, ఉష్ణోగ్రత అయిదింట ఒక వంతుకు కొంచెం తక్కువగా పడిపోతుంది. పీడనమూ అదే నిష్పత్తిలో తగ్గి 38 అవుతుంది. అందులోంచి వాతావరణం వాటా తీసేస్తే గేజీ మీద 23 చిల్లర మిగులుతుంది. టైరుకు చిల్లు లేదు, ఎవరూ గాలి దొంగిలించలేదు. అయినా దాదాపు తొమ్మిది పౌన్లు మాయం! పది డిగ్రీల ఫారన్‌హైటుకు ఒక పౌను అని ఇక్కడి మెకానిక్కులు చెప్పే బండ లెక్క దీని సారమే. దీనికి తోడు రబ్బరు సందుల్లోంచి నెలకు ఇంచుమించు ఒక పౌను ఊరికే జారిపోతూ ఉంటుంది.

అమెరికా నిబంధన ప్రకారం, తయారీదారు చెప్పినదాని కంటే గాలి 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి. 32లో పావు వంతు తీస్తే 24. కాబట్టి ఆ ఉదయం మా వీధిలో దీపం వెలగని కారుంటే దాని యజమానికి దణ్ణం పెట్టాలి.

అయితే "చలికి వెలిగింది" అనడం వేరు, "కాబట్టి ఏమీ ఫరవాలేదు" అనడం వేరు. మనం మొదటిది చెబుతూ రెండవది నమ్మించేస్తాం. చలికి తగ్గినా, మేకు దిగి తగ్గినా టైరుకు తగ్గిన గాలి తగ్గిన గాలే. కారు తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో రాసిన అంకె చల్లటి టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా నిలిపి ఉంచిన టైరుకు సంబంధించినది. ఆ పూట బయట ఎంత చలి ఉంటే అంత చలిలోనే టైరులో 32 ఉండాలని దాని అర్థం. అక్టోబరులో 32 ఉంటే చాలు, జనవరి సంగతి దేవుడు చూసుకుంటాడని కాదు. (టైరు పక్కగోడ మీద అచ్చువేసిన పెద్ద అంకె గరిష్ఠ పరిమితి. అది చూసి గాలి కొట్టేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు.) మంచు మీద గాలి తక్కువుంటేనే పట్టు బాగుంటుందని ఇంకొక వేదాంతం. ఇసుకలో దిగబడ్డ జీపు సంగతి వేరు. దున్నిన మంచురోడ్డు మీద అరవై మైళ్ళ వేగంతో వెళ్ళే కారుకు ఆ వేదాంతం పనికిరాదు.

ఇంతకీ ఈ దీపం ఎక్కడ పుట్టిందో తెలిస్తే చిత్రంగా ఉంటుంది. అది చలిలో పుట్టలేదు, మండుటెండలో పుట్టింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ అరవై అయిదు లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళవి. వేగంగా పోతుండగా టైరు తొక్కు ఊడిపోయి, బండి పల్టీ కొట్టి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. వేడి ప్రాంతాల్లోనే ఈ ప్రమాదాలు మరీ ఎక్కువ. ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పౌన్లు, టైరు కంపెనీ 30 ఉంటే మేలంది. తప్పెవరిదన్న తగువు చాలాకాలం నడిచింది. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెసు ట్రెడ్ చట్టం చేసి, గాలి తగ్గితే డ్రైవరుకు తెలిపే ఏర్పాటు ప్రతి కారులో ఉండాలని ఆదేశించింది.

2002లో వచ్చిన మొదటి నిబంధన కంపెనీలకు ఒక చవక దారి వదిలింది. బ్రేకుల వ్యవస్థలో ఎలాగూ ఉన్న చక్రాల వేగపు లెక్కను వాడుకుని, ఒక చక్రం మిగతావాటి కంటే ఎక్కువ సార్లు తిరుగుతోందా అని చూడడం ఆ దారి. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కాస్త తగ్గుతుంది కనుక ఎక్కువ సార్లు తిరగాలి. తెలివైన పద్ధతే! కాని నాలుగు టైర్లలోనూ ఒకేసారి ఒకేలా గాలి తగ్గితే, పోల్చి చూడడానికి ఆ తెలివికి ఆధారం లేదు. పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంస్థ కోర్టుకెక్కింది. 2003లో న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. 2005లో కొత్త నిబంధన వచ్చి, 2007 సెప్టెంబరు నుంచి అన్ని కొత్త కార్లకూ వర్తించింది. నాలుగు టైర్లలో ఎన్నింటిలో తగ్గినా దీపం వెలగాల్సిందే.

నాలుగు టైర్లలోనూ ఒకేసారి ఒకేలా గాలి తగ్గించేది ఎవరు? చలి. ఎండల్లో పోయిన ప్రాణాల కోసం చేసిన చట్టం, కోర్టు పట్టుదల వల్ల, ఉత్తరాది చలి ఉదయాల్లో కూడా పలకడం నేర్చుకుంది. ఆ పలుకును విసుగ్గా "చలికేలే" అని కొట్టేస్తున్నాం మేము.

మన దగ్గర దీనికి సరిగ్గా తలకిందులు. "ఎండాకాలం గాలి తక్కువ కొట్టవోయ్, వేడికి ఉబ్బి పేలుతుంది" అని పంక్చర్ షాపు కుర్రాడికి చెప్పే పెద్దమనుషులను చిన్నప్పటి నుంచీ చూశాను. మా నాన్నగారూ చెప్పేవారు. నిజానికి గాలి తక్కువైన టైరే నడుస్తున్నంతసేపూ ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంపులకు వేడెక్కుతుంది, ఆ వేడికి పొరలు విడుస్తుంది. ఎండకు భయపడి గాలి తీసేయడమంటే జ్వరానికి భయపడి దుప్పట్లు కప్పడమే. ఈ విషయంలో మన లారీ క్లీనర్లు మనకంటే చదువుకున్నవాళ్ళు. హైవే మీద ధాబా దగ్గర లారీ ఆగగానే క్లీనరు ఇనపకడ్డీ పట్టుకుని దిగి, ఒక్కొక్క టైరునూ కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. ణంగుమంటే సరే, బొద్దుమంటే గాలి లేనట్టు. జంట చక్రాల్లో లోపలి టైరు దిగిపోతే కంటికి తెలియదు, చెవికే తెలుస్తుంది. ఏ చక్రమో, ఎంత దిగిందో కూడా ఆ కడ్డీ చెబుతుంది. మా కారు దీపం అది చెప్పదు.

దీపం మీద నా అసలు అభియోగం అదే. అది అబద్ధమాడదు, దానికి మాటలు తక్కువ. నాలుగు చక్రాల్లోనూ చలికి గాలి తగ్గినా, ఒక్క చక్రంలో మేకు దిగినా అదే బొమ్మ, అదే రంగు. చాలా కార్లలో ప్రతి చక్రంలోనూ ఒక సెన్సరు కూర్చుని తన అంకెను రేడియో ద్వారా పంపుతూనే ఉంటుంది. అంకె కారుకు తెలుసు. డ్రైవరుకు చూపాలని మాత్రం నిబంధన అడగలేదు, దీపం చాలంది. ఇప్పుడు చాలా కొత్త కార్లు నాలుగు అంకెలూ తెర మీద చూపిస్తున్నాయి, సంతోషం. కాని అది కంపెనీ దయ, మన హక్కు కాదు. కుర్రకారు చేతికి వచ్చేవి పాత కార్లు, కేవలం దీపం ఉన్నవి. ముందుగా అంకె కావలసింది వాళ్ళకే.

మా అమ్మాయి కారుకు కూడా దీపమే ఉండేది.

గడ్డకట్టిన ఆ వారం దాటి మూడు నాలుగు రోజుల్లో మంచు కరిగేంత వేడి వచ్చింది. నా కారులో దీపం ఆరిపోయింది. తన కారులో ఆరలేదు. ఆరాలి, ఆరకపోతే చలి కాదన్నమాట. ఈ రెండవ వాక్యం తనకు నేను చెప్పలేదు. పట్టించుకోకు అన్నాను గనుక పట్టించుకోలేదు, చెప్పిన మాట వినే పిల్ల. తరువాతి వారం ఒక రాత్రి స్నేహితురాలి ఇంటినుంచి వస్తూ ఉండగా హైవే మీద కుడివైపు వెనక టైరు కుదేలయింది. ఎలాగో పక్కకు తీసి ఆపింది. నేను వెళ్ళేసరికి ముప్పావు గంట. అంతసేపూ పెద్ద పెద్ద ట్రక్కులు పక్కనుంచి పోతుంటే కారు ఊగుతోందని ఫోనులో చెబుతూనే ఉంది. ఏడవలేదు. నన్ను చూశాక "చలికేనన్నావుగా నాన్నా" అంది. నిందించినట్టు కాదు, అర్థం కాక అడిగినట్టు. నిందించి ఉంటే బాగుండేది.

మర్నాడు షాపులో టైరు విప్పి చూపించారు. తొక్కులో ఒక మర మేకు. లోపల నల్లటి రబ్బరు పొడి దోసెడు. గాలి తక్కువగా నడిచీ నడిచీ పక్కగోడ లోపలి నుంచి అరిగి రాలిన పొడి అది. ప్యాచి వేసి లాభం లేదన్నారు. మేకు ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరు చెప్పగలరు? ఆ చలి వారం కంటే ముందే దిగి ఉంటే, నేను కాఫీ తాగుతూ మాట్లాడిన పూట ఆ దీపంలో సగం మేకుదే.

చలినీ మేకునూ వేరుచేసే మార్గం ఒక్కటే, గాలి కొట్టడం. నాలుగూ కొలిచి, నాలుగూ నింపి, వారం చూడాలి. మళ్ళీ వెలిగిందంటే అది చలి కాదు. దీనికి కావలసింది మూరెడు గేజీ, పావుగంట సమయం. ఆ పావుగంట సుఖంగా ఉంటుందని చెప్పను. సున్నా డిగ్రీల్లో చేతితొడుగు తీస్తే తప్ప వాల్వు మూత ఊడదు. ఊడిన మూత మంచులో పడితే ఏప్రిల్లోనే దొరుకుతుంది. పెట్రోలు బంకుల్లో గాలి యంత్రం చాలాచోట్ల డబ్బులు అడుగుతుంది, డబ్బులు తీసుకున్నాక దాని గొట్టం కర్రలా బిగుసుకుని సాగదు. తేమ గడ్డకట్టి వాల్వు మూసుకోక, ఉన్న గాలి కూడా పోయిన సందర్భం ఒకటి నాకుంది. కనెక్టికట్‌లో బంకులు గాలి ఊరికే ఇవ్వాలని చట్టం, కాలిఫోర్నియాలో పెట్రోలు కొన్నవాళ్ళకు ఊరికే. చలి తక్కువైన కాలిఫోర్నియాకున్న ఆ ఇంగితం చలి రాష్ట్రాలన్నిటికీ ఉంటే ఎంత బాగుండును! ఇక గాలికి బదులు నైట్రోజను నింపుతాం, చలికి తగ్గదు అని డబ్బులు గుంజే షాపులున్నాయి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజను. మిగతా గాలికి వర్తించే సూత్రమే దానికీ వర్తిస్తుంది. కాస్త నెమ్మదిగా జారిపోతుందేమో గాని, చలికి ముడుచుకోకుండా ఉండదు.

ఇంకొక మోసం ఉంది, అది దీపమే చేస్తుంది. ఉదయం వెలిగిన దీపం పది మైళ్ళు నడిచాక ఆరిపోతుంది. టైరు వేడెక్కి అంకె గీత పైకి వచ్చిందంతే. మనం హమ్మయ్య అనుకుంటాం. సాయంత్రం కారు చల్లబడ్డాక లోపలి కొరత ఎక్కడికీ పోదు.

ఏటా ఆగస్టులో విశ్వవిద్యాలయానికి మన పిల్లలు దిగుతారు. మొదటి కారు కొంటారు, మొదటి చలి చూస్తారు. వాళ్ళకు కోటు ఎక్కడ కొనాలో చెబుతాం, ఉప్పు ఎక్కడ చల్లాలో చెబుతాం, దీపం దగ్గరికొచ్చేసరికి "అది చలికేలే" అంటాం. నేనా మాట అనడం మానేశాను. పోయినేడు ఒక కుర్రాడికి గేజీ కొనిచ్చాను. వింతగా చూశాడు, పుట్టినరోజు కానుక అనుకున్నాడేమో.

మా అమ్మాయి ఇప్పుడు షికాగోలో ఉద్యోగం చేస్తోంది. మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం ఫోను చేసింది. "నాన్నా, దీపం వెలిగింది. మూడు టైర్లలో 28 ఉంది, ఎడమవైపు ముందుదాంట్లో 23" అంది. "అయితే అమ్మా, ఆ ముందుది..." అని నేను మొదలుపెట్టేలోగా, షాపు ఆరింటికి మూసేస్తారని పెట్టేసింది.