తల మారిస్తే అరిష్టమట!

నేను బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరై పుదుచ్చేరిలో ఉంటున్నాను. వోచరు లేనిదే ఏ పద్దూ పాస్ చేయరాదన్నది నా ఉద్యోగం నేర్పిన పాఠం. ఆ పాఠాన్ని సొంత ఇంట్లోనే రెండు రోజులు మరచిపోయాను. ఈ వ్యాసాన్ని ప్రాయశ్చిత్తం అనను, ఆ మాట నాకు గిట్టదు. సంజాయిషీ అనుకోండి.

మా మనవడికి పన్నెండేళ్ళు. ప్లాస్టిక్ సైనికుల బొమ్మలంటే ప్రాణం. 1:72 స్కేలు, అంటే నిలబెడితే అంగుళానికి కాస్త తక్కువే. వాడి దగ్గరున్న రెండో ప్రపంచ యుద్ధం సెట్లలో అందరూ ఇనప టోపీల తెల్లవాళ్ళే. "ఆఫ్రికాలో, ఇటలీలో మనవాళ్ళు కూడా యుద్ధం చేశారు కదా తాతయ్యా, వాళ్ళేరి?" అని వాడి ప్రశ్న. అందుకని వేరే బొమ్మల నుంచి తలపాగా తలలు కోసి వీళ్ళ మెడల మీద అతికిస్తాడు. కాలరు దగ్గర బ్లేడుతో కోయడం, సన్నటి డ్రిల్లుతో బెజ్జం వేయడం, ఇత్తడి తీగ ముక్క దోపి జిగురు పెట్టడం, సందు మిగిలితే ఎపాక్సీ ముద్దతో పూడ్చడం. గంటల తరబడి అదే పని.

దసరా నవరాత్రుల్లో మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టింది. మూడో రోజు పిల్లవాడికి జ్వరం వచ్చింది. మా బావమరిది ఒక జ్యోతిష్కుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కళ్ళు నేరుగా మనవడి బల్ల మీద పడ్డాయి. "అమ్మవారు కొలువున్న ఇంట్లో తలలు తెగిన మొండేలా? జ్వరం రాక ఏమొస్తుంది?" అన్నాడు. బొమ్మలన్నీ పారేయించి, శాంతి జరిపించి, 3,500 రూపాయలు పుచ్చుకుని వెళ్ళాడు. పండగ పూట గొడవెందుకని నేను నోరు మూసుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. మూడో నాడు కడుపునొప్పి, వాంతులు, ఒంటిమీద ఎర్ర మచ్చలు. ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు 48 వేలు. "రెండు రోజుల ముందే ఎందుకు తీసుకురాలేదు సార్?" అని డాక్టరమ్మ తమిళంలో అడిగింది. ముప్పై ఏళ్ళు ఇతరులకు ఆడిట్ అభ్యంతరాలు రాసినవాణ్ణి, నోట మాట రాలేదు.

వాడు బతికాడు. ఇప్పుడు ఆ జ్యోతిష్కుడి పద్దులు తనిఖీ చేద్దాం.

మొదటి పద్దు: తల తెగిన బొమ్మ అరిష్టం. అదే కొలువు మెట్ల మీద మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి బొమ్మలున్నాయి. తెల్ల పొణికి కర్రతో తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పక్కన ఉన్న తంజావూరు బొమ్మకైతే తల అసలు అతకనే అతకరు, అది ఊగుతూ ఉండటమే దాని అందం. తల విడిగా ఉండటమే దోషమైతే ఆ కొలువంతా దోషమే కదా?

ఇంకా పైకి వెళ్దాం. ఈ ఊళ్ళో మనకుళ వినాయకుడికి మొక్కకుండా కొత్త బండి కూడా రోడ్డెక్కించని వాళ్ళున్నారు. ఆ దేవుడి కథ ఏమిటి? తల నరికి, ఇంకో తల పెట్టడం. దక్షుడికి మేక తల. రేణుక కథలో ఇద్దరు స్త్రీల తలలు తారుమారయ్యాయని చెప్పుకుంటారు. తల మార్పిడి జరిగిన దేవుడికి తొలి పూజ, పిల్లవాడి బొమ్మకు చెత్తబుట్ట! ఇదేం న్యాయం?

రెండో పద్దు మా బావమరిదిది. వాడు ఆసుపత్రి వరండాలోనే మొదలుపెట్టాడు: "బావా, వినాయకుడి తల మన పూర్వీకుల సర్జరీయే కదా!" వాణ్ణి అని ఏం లాభం? 2014 అక్టోబరులో ముంబయిలో ఆసుపత్రి సభలో సాక్షాత్తు ప్రధానమంత్రే ఆ మాట అన్నారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి కౌరవులు టెస్ట్ ట్యూబ్ బిడ్డలన్నారు.

సుశ్రుతుడి పేర ఉన్న గ్రంథంలో ముక్కు శస్త్రచికిత్స ఉంది, కాదనను. అలాంటి చికిత్స గురించి 1794లో లండన్ పత్రికలో కూడా అచ్చయింది. అది ఎందుకు ఫలించింది? రోగి సొంత నుదుటి చర్మమే వాడారు గనుక. పరాయి కణజాలాన్ని శరీరం ఎందుకు తోసిపుచ్చుతుందో పరిశోధించిన మెడవార్‌కు 1960లో నోబెల్ ఇచ్చారు. 1970లో అమెరికాలో రాబర్ట్ వైట్ ఒక కోతి తలను ఇంకో కోతి మొండానికి కలిపాడు. వెన్నుపాము అతకలేదు, మెడ కింద పక్షవాతం, కొద్ది రోజుల్లో చచ్చిపోయింది. ఇవి వోచర్లు. ఏనుగు తలకు వోచరేదీ?

ఇదంతా మా వాడికి చెబితే నవ్వాడు. "1:72 మెడ మీద 1:32 తలే నిలబడదు తాతయ్యా. మెత్త ప్లాస్టిక్కు, గట్టి ప్లాస్టిక్కు ఒకే జిగురుతో అతకవు కూడా." చేత్తో పనిచేసి చూసినవాడికి తెలిసింది, సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద తెలియలేదు.

మూడో పద్దు: జ్వరానికి కారణం. మేడ మీద పూలకుండీ కింది పళ్ళెంలో వాన నీళ్ళు నిలిచి, దోమపిల్లలు కదులుతున్నాయి. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. జ్యోతిష్కుడు బల్ల చూశాడు, మేడ ఎక్కలేదు. ఎక్కితే 3,500 ఎవరిస్తారు?

మిత్రులారా, కొలువు పెట్టుకోవడం మీద నాకు పేచీ లేదు. అది మా ఆవిడ ఇష్టం. జ్వరం వచ్చిన పిల్లవాడికీ డాక్టరుకూ మధ్య నిలబడే నమ్మకంతోనే పేచీ. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని 1976 నాటి సవరణతో రాజ్యాంగంలో, 51ఎ(హెచ్)లో చేరింది. ఆ విధిని నేను రెండు రోజులు ఎగ్గొట్టాను. మీ ఇంట్లో అలాంటి పూట వస్తే మర్యాద కోసం నోరు మూసుకోకండి. ముందు ఆటో పిలవండి, గొడవ తర్వాత పడవచ్చు.

వాడికి కొత్త బొమ్మల పెట్టె కొనిచ్చాను. బ్లేడు నేనే పదును చూసి ఇచ్చాను.