యాత్రలో "భార్యలు"

ఇకాలజీ పుట్టుక గురించి రాసినవాళ్లు 1911 నాటి బ్రిటన్ యాత్రను తప్పకుండా చెప్తారు. ఆర్థర్ టాన్స్‌లీ యూరప్, అమెరికాల నుంచి వృక్షశాస్త్రజ్ఞుల్ని పిలిచి నార్‌ఫోక్ చిత్తడినేలలూ, స్కాట్లండ్ కొండలూ, ఐర్లండూ తిప్పి చూపించాడు. 1913లో అమెరికా వంతు. అదే ఏడు బ్రిటిష్ ఇకలాజికల్ సొసైటీ, 1915లో అమెరికా సొసైటీ ఏర్పడ్డాయి. సరిహద్దులు దాటిన మేధావుల స్నేహమని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. మరి ఆ స్నేహబృందంలో తిరిగిన స్త్రీల మాటేమిటి?

ఈడిత్ క్లెమెంట్స్‌ని తీసుకోండి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీ, 1904లో. ఆకుల నిర్మాణానికీ పరిసరాలకీ ఉన్న సంబంధం ఆమె పరిశోధన. చరిత్రలో మాత్రం ఎక్కువగా "ఫ్రెడరిక్ క్లెమెంట్స్ భార్య". ఏళ్ల తరబడి పశ్చిమ అమెరికాలో కారు నడిపింది ఆవిడ. చెడిపోతే బాగుచేసింది ఆవిడ. ఫోటోలు, పూల బొమ్మలు, టైపు పని, రోగిష్టి భర్త సంరక్షణ, అన్నీ ఆవిడే. 1960లో తన జ్ఞాపకాల పుస్తకానికి "ఐదు లక్షల మైళ్లు" అన్న అర్థంతో ఉపశీర్షిక పెట్టుకుంది. సిద్ధాంతం ఆయన పేరున, మైళ్లు ఈమె పేరున!

టాన్స్‌లీ భార్య ఈడిత్ చిక్ కూడా వృక్షశాస్త్రం చదివినదే, ఆయనతో కలిసి పరిశోధనా పత్రం రాసినదే. 1903లో పెళ్లయింది. ఆ తర్వాత ఆమె పేరు వెతుక్కోవాలి. స్విట్జర్లండ్‌కు చెందిన మేరీ బ్రాక్‌మన్-యెరోష్ 1903లోనే ఆల్ప్స్ వృక్షసంపద చరిత్ర మీద సిద్ధాంత గ్రంథం ప్రచురించింది. 1952లో చనిపోయింది. అక్కడి స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. అంటే అంత విదుషీ తన దేశపు పార్లమెంటుకి ఒక్కసారైనా ఓటెయ్యలేదు.

"ఇష్టపడే చేశారు కదా, ఎవరు బలవంతపెట్టారు?" అని అడిగేవాళ్లుంటారు. ఇష్టంతో చేసింది శ్రమ కాకుండా పోతుందా? పొలం పనికి వెళ్లే భార్యని కూడా "ఇంటి మనిషే" అనే కదా లెక్కలో రాయరు! ప్రశ్న ప్రేమ గురించి కాదు, పేరు గురించి, నిర్ణయం ఎవరిదన్న దాని గురించి.

మన సంస్థల్నీ అడుగుదాం. ఊరూరా తిరిగి సర్వే చేసే కార్యకర్త పేరు నివేదిక అట్ట మీద ఉంటుందా, చివరి పేజీ కృతజ్ఞతల్లో ఉంటుందా? విదేశీ సమావేశానికి టిక్కెట్టు ఎవరికి కొంటారు? వచ్చే నివేదిక అచ్చుకి వెళ్లేముందే ఈ రెండూ మీటింగులో పెట్టి, జవాబు మినిట్స్‌లో రాయించండి.