ప్రమాణము లేని చరిత్రము

చరిత్రమును వల్లించుట వేఱు, చరిత్రమును శోధించుట వేఱు. మొదటిదానికి జ్ఞాపకశక్తి చాలును. రెండవదానికి వివేకమును సత్యసంధతయు కావలెను. మన కళాశాలలలో మొదటి సంవత్సరమున చేరిన బాలబాలికలకు వల్లించుటమాత్రమే నేర్పి, శోధనమును పట్టభద్రులైన పిమ్మట చూచుకొందురులే యని వాయిదా వేయుట మనకు ఆచారమైపోయినది. ఈ యాచారము తప్పనియు, దీనివలన విద్యార్థికే గాక గృహమునకును సంఘమునకును కీడు కలుగుచున్నదనియు మా యభిప్రాయము.

"శోధనపద్ధతి లోతైన శాస్త్రము, పదునెనిమిదేండ్ల పిల్లవాని కది యెట్లు పట్టుపడును?" అని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. వారికి ఏలూరి చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. 1776లో ఏలూరిలో జన్మించిన కావలి వెంకట బొర్రయ్య, కాలిన్ మెకంజీ దొర కొలువున ప్రవేశించునప్పటికి ఇంచుమించు ఇరువదియేండ్ల ప్రాయమువాడు. నేటి రీతి విశ్వవిద్యాలయములు ఈ దేశమున పుట్టుటకు ఇంకను అఱువదేండ్లు పట్టవలసియున్న కాలమది. ఆ యువకుడు పలు భాషలు నేర్చెను. గ్రామగ్రామము తిరిగి శిలాశాసనములకు ప్రతులెత్తెను. కరణములను, అర్చకులను, వృద్ధులను ప్రశ్నించి వారు చెప్పినదానిని వ్రాసికొనెను. 1803లో ముప్పది నిండకుండనే మరణించెను. అతని సోదరులైన లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని కొనసాగించిరి. నేడు మనము కైఫీయతులని చెప్పుకొను గ్రామచరిత్రములు ఇట్టివారి కాలినడకవలన దక్కినవే. శోధనము పట్టమునకు తరువాత వచ్చునది కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇందు మనము మఱవరాని యవమాన మొకటి కలదు. 1821లో మెకంజీ మరణించెను. కొన్ని సంవత్సరముల తరువాత, ఆగిన పనిని తానే నడపుదునని లక్ష్మయ్య విన్నవించుకొనగా, 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి సంఘము ఆ విన్నపమును త్రోసిపుచ్చినది. సహాయకుడుగ నుండుటకు తగును గాని అంతటి కార్యమును నిర్వహించుటకు చాలడని వారి తాత్పర్యము. అనగా, సామగ్రిని మోయుట మన పని, విమర్శించుట పరుల పని! దీనికి ప్రత్యుత్తరము సభలలో బల్లలు చఱచుటవలన రాలేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటచేత వచ్చినది. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' వెలువడుటచేత వచ్చినది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములను అక్షరమక్షరము పరీక్షించి రచించిన రెడ్డిరాజ్యముల చరిత్రమును 1948లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ప్రకటించుటచేత వచ్చినది. అట్టి పరంపరకు వారసుడైన విద్యార్థి నేడు చేతిలోని ఫోనునుండి నాలుగు పుటలు దింపి, క్రింద తన పేరు వ్రాసికొని, దానిని ప్రాజెక్టని సమర్పించుచున్నాడు. నాటి సంఘమువారి తీర్పును ఇంతకంటె బలపఱచువాడెవడు?

శోధనమనగా నేమి? ప్రతి వాక్యమును నాలుగు ప్రశ్నలు అడుగుట. ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వారి కెట్లు తెలిసెను? అట్లు చెప్పుటవలన వారికి కలుగు ప్రయోజనమేమి? ఈ ప్రశ్నలు నేర్చుకొనుటకు ఢిల్లీ సుల్తానులకడకో రోమకసామ్రాజ్యమునకో పోనక్కఱలేదు. కొల్లేటి యొడ్డు చాలును.

రెండవ పులకేశి పోరాటములో కునాళమను సరస్సునీరు రక్తముతో ఎఱ్ఱనైనదని 634 నాటి ఐహోళె శాసనము వర్ణించుచున్నది. కునాళము కొల్లేరేయని పండితులు నిర్ణయించిరి. కాని ఆ శాసనమును రచించిన రవికీర్తి పులకేశి యాదరమున నున్న కవి. యుద్ధము జరిగిన దనుటకు అతని మాట సాక్ష్యము. నీరెంత ఎఱ్ఱనైనదో చెప్పుటకు కాదు. ఇక సముద్రగుప్తుని ప్రయాగ శాసనమున ఓడిన రాజుల పట్టికలో కౌరాళక మంటరాజను పేరు కలదు. కీల్‌హార్న్ పండితుడు దీనిని కునాళమునకు, అనగా కొల్లేటికి, అన్వయించెను. అయితే ఆ పట్టికలోనే వేంగి యేలిక హస్తివర్మ వేఱుగ పేర్కొనబడినాడు. వేంగి యన నేటి పెదవేగి. ఏలూరికి అనతిదూరమున నున్నది. కొల్లేరు వేంగి రాజ్యములోనిదైనచో అచ్చట రెండవ రాజెట్లుండునని ఇతర పండితులు ఆక్షేపించిరి. మొదటి సంవత్సరపు విద్యార్థికి ఈ వాదమునంతయు తీర్చుమని మేము చెప్పము. వాదమొకటి కలదనియు, దాని యిరుప్రక్కల నున్న కారణము లివియనియు అతడు వ్రాయగలిగిన చాలును. కాని మన ప్రశ్నపత్రము "సముద్రగుప్తుడు జయించిన దక్షిణాపథ రాజులను పేర్కొనుము" అని మాత్రమే యడుగును.

స్థానిక గాథల విషయమునను మనలో రెండు తెగలవారు కలరు. కొల్లేటికోటలోని గజపతి దుర్గమును పట్టుటకై శత్రుసేనాని సరస్సునీటిని సముద్రములోనికి విడువదలచి ఉప్పుటేరు త్రవ్వించెననియు, అందుకై తన కూతునే బలి యిచ్చెననియు, అందువలననే దానికి పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు జనులు చెప్పుకొందురు. ఒక తెగవారు దీనిని యథాతథముగ చరిత్రమందురు. వేఱొక తెగవారు కట్టుకథయని చెత్తబుట్టలో వేయుదురు. ఇరువురును శ్రమ తప్పించుకొనువారే. ఈ గాథ మొదట ఎప్పుడు కాగితమున కెక్కినది? ఎవరి నోట విని వ్రాసిరి? ఉప్పుటేరు మానవులు త్రవ్వినదో ప్రకృతి ఏర్పఱచినదో భూగర్భశాస్త్ర మేమి చెప్పును? ఒక స్త్రీ బలియైన కథను జనులు తరతరములు ఎందులకు మోసికొని వచ్చిరి? కథ నిజము కాకపోయినను, దానిని చెప్పుకొన్న జనులు నిజము. వారి చరిత్రమును చరిత్రమే.

ఆధారములను వెదకుట కూడ ఒక విద్యయే. ఏలూరు తాలూకా 1904 వఱకు గోదావరి జిల్లాలోను, పిమ్మట 1925 వఱకు కృష్ణాజిల్లాలోను ఉండెను. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినది; 2022లో ఏలూరు పేరనే వేఱొక జిల్లా వెలసినది. ఇది తెలియనివాడు 1890 నాటి యేలూరి కాగితములకై పశ్చిమగోదావరి శీర్షిక క్రింద వెదకి, వట్టిచేతులతో తిరిగివచ్చి, 'ఆధారములు లేవు' అని వ్రాయును. లేనిది ఆధారము కాదు, వెదకు నేర్పు.

ఇదంతయు పండితుల వినోదము, దీనివలన కూడు రాదని గృహస్థులు తలంతురేమో! 1999లో కొల్లేరు అయిదవ కాంటూరు వఱకు పక్షిరక్షణకేంద్రముగ ప్రకటింపబడినది. 2002లో రాంసర్ ఒడంబడిక పట్టికలో చేరినది. 2006లో చేపలచెఱువుల గట్లు తెగగొట్టబడినవి. సరస్సు హద్దు ఏదియను తగవులో ప్రతివాడును 'మా తాతలనాటినుండి' యనును. తాతలనాడు నీరెంతవఱకు నిలిచెనో, ఎవరు సాగుచేసిరో, ఎవరు వలవేసిరో పాత పటములను, శిస్తులెక్కలను, వృద్ధుల మాటలను ఒకదానితో నొకటి సరిచూచి చెప్పగలవా రెందఱు? ప్రమాణము లేనిచోట గొంతు బలమే ప్రమాణమగును. గొంతు లేని పేదవాని తాత చరిత్రమునుండియే తొలగిపోవును.

తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలమున వేసిన విమానముల రన్‌వే నేటికిని కలదు. ఆ భూమి ఎవరిది? ఎంత పరిహార మిచ్చిరి? కూలీ లెచ్చటినుండి వచ్చిరి? ఆ దినముల నెఱిగినవారు తొంబదియేండ్లకు చేరుచున్నారు. పట్టభద్రుడైన పిమ్మట వచ్చెదనన్న విద్యార్థికొఱకు వారు వేచియుందురా?

తుదకు మా వాదము కళాశాల గుమ్మముకడ నిలువదు, ఇంటిలోనికి వచ్చును. అటకమీది పెట్టెలో తాతగారి చిట్టా ఆవర్జాలు, క్రయదస్తావేజులు, పెండ్లి ఖర్చుల లెక్కలు ఉండును. చరిత్రము చదువుచున్న కూతురు ఆ పెట్టె తెఱచి, కన్యాశుల్కముగ పుచ్చుకొన్న రూకల పద్దును, ఎనిమిదేండ్లకు వివాహమైన మేనత్త పేరును చూచెననుకొందము. "అది వ్రాయకమ్మా, వంశగౌరవము పోవును" అని చెప్పు తండ్రులే మనలో నధికులు. సంస్కరణమును గూర్చి సభలలో ఉపన్యసించినవారును ఆ దినమున పెట్టెకు తాళము వేయుదురు. తన యింటి పద్దును దాచుమని నేర్చుకొన్న పిల్ల రాజుల శాసనములను నిష్పక్షపాతముగ చదువునా? కులచరిత్రములను, గ్రామమాహాత్మ్యములను ప్రశ్నించునా? అసత్యమునకు మొదటి పాఠశాల మన వసారాయే యగుచున్నది.

కావున అధ్యాపకులకు మా విన్నపమిది: మొదటి సంవత్సరముననే ప్రతి విద్యార్థిచేతను ఒక ప్రశ్న అడిగింపుడు, ఒక మూలమును చూపింపుడు, దానికి మాఱుప్రతిని తన చేతితో వ్రాయింపుడు, తెలిసినదెంతయో, ఊహ యెంతయో వేఱువేఱుగ చెప్పింపుడు. పది పుటలు వలదు, రెండు పుటలు చాలును. తలిదండ్రులకు విన్నపమిది: పెట్టె తాళము పిల్లల చేతికిండు. అందు దొరకిన సత్యము మీకు నచ్చకున్నను వ్రాయనిండు. బొర్రయ్య పుట్టిన యూరివారికి ఇంతకంటె చిన్న కర్తవ్యము లేదు.