బిడ్డ తల నొస్తుందంటే వినండి

పొద్దున లేవంగనే తలనొప్పి, వాంతులు. నడకలో తూలుడు, కొత్తగా మెల్లకన్ను. వాడలో బిడ్డకు ఇవి కనబడితే ఆరెంపీ కడుపుమాత్ర ఇస్తడు, గాలి సోకిందని ఇంకొకరు తాయెత్తు కడతరు. ప్రతి తలనొప్పీ మెదడులో గడ్డ కాదు. కానీ ఈ గుర్తులు తగ్గకపోతే స్కాన్ తీయాల్సిందే.

బ్రిటన్‌లో 2011 నుంచి ఈ గుర్తులనే తల్లిదండ్రులకు, డాక్టర్లకు చాటి చెప్పారు. అంతకుముందు సుమారు 14 వారాలు పట్టిన రోగ నిర్ధారణ 7 వారాల్లోపుకు దిగింది.

స్కాన్ గడ్డను చూపిస్తుంది. అరుదైన గడ్డ పేరు తేలాలంటే ముక్క తీసి జన్యుపరీక్ష కూడా చెయ్యాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ చెప్పేదీ అదే. పేరు తప్పితే వైద్యం తప్పుతుంది.

కూలితల్లి ఆ ఖర్చు ఎక్కణ్ణించి తెస్తుంది? జిల్లా ఆసుపత్రిలో స్కాన్, సర్కారు ఖర్చుతో జన్యుపరీక్ష మా డిమాండ్. కార్యకర్తలారా, ఈ గుర్తులు గడప గడపకూ చెప్పండి!