వాడినవారికే సబ్సిడీ అయితే, వాడుకోలేని కూలివాని మాటేమిటి?

చలికాలం వచ్చిందంటే పొయ్యికి పని రెండింతలవుతుంది. వంటతో పాటు నీళ్లు కాగాలి. పిల్లలకూ ముసలివాళ్లకూ చలి కాచుకోవడానికి మంట కావాలి. జనగామ చెలకల్లో పత్తికట్టె, కందికట్టె. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి అంచు గూడేల్లో ఎండుకట్టెలు - కూలి జనానికి నేటికీ యివే ఆధారం. గ్యాసు బండ లేక కాదు. చాలా యిళ్లలో బండ వుంది. అది నిండుగా వుండే రోజులే తక్కువ.

కనెక్షన్లు యివ్వడంలో ప్రభుత్వాలు పోటీ పడ్డాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల ప్రారంభించింది. రెండూ డిపాజిట్ భారం తీసివేసి పేద మహిళల పేర కనెక్షన్లు యిచ్చాయి. అది మేలే, మేము కాదనం. కాని కనెక్షన్ ఒక్కసారి తీసుకునేది, బండ మళ్లీ మళ్లీ కొనేది. 2024-25లో దేశం మొత్తం మీద ఉజ్వల కుటుంబాలు సగటున నాలుగున్నర బండలు కూడా వాడలేదని కేంద్రం లెక్కలే చెబుతున్నాయి. మరి మిగతా నెలల్లో ఆ యిళ్లలో మండిందేమిటి? కట్టెలే.

2024 ఫిబ్రవరి 27న రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయలకే గ్యాసు బండ అంటూ పథకం మొదలు పెట్టింది. వినడానికి బాగానే వుంది. మెలిక అంతా నిబంధనల్లో వుంది. ఒకటి: గడచిన మూడేళ్లలో సగటున ఎన్ని బండలు వాడారో అన్నింటికే సబ్సిడీ. రెండు: బండ తీసుకునేటప్పుడు పూర్తి ధర చెల్లించాలి, 500 పోను మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దీని అర్థమేమిటి? ఏడాదికి ఎనిమిది బండలు కొనగలిగిన యింటికి ఎనిమిది బండల సబ్సిడీ. పైసలు లేక మూడు బండలతో సరిపెట్టుకుని, కట్టెలు మోసిన కూలి యింటికి మూడే. నిన్న కొనలేకపోయావు కాబట్టి యివాళ నీకు తక్కువ! యెవరికి సాయం ఎక్కువ అవసరమో వారికే కోత పెట్టే కొలత యిది.

రెండో నిబంధన అంతకు తీసిపోదు. 2025 ఏప్రిల్‌లో కేంద్రం బండ మీద 50 రూపాయలు పెంచగా, హైదరాబాద్‌లో ధర 905కు చేరింది. నాట్లు, కలుపు, పత్తి ఏరే రోజుల్లోనే కూలివాని చేతిలో నాలుగు పైసలుంటాయి. పని దొరకని నెలల్లో తొమ్మిది వందలు ఒక్కసారి ఎక్కడి నుంచి తేవాలి? వడ్డీకి తెచ్చి కట్టి, సబ్సిడీ ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూడాలా?

యిది కుదరని పని కాదు. అదే రోజు మొదలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడిన అర్హులకు సున్నా బిల్లు వస్తున్నది. ముందు కట్టు, తర్వాత యిస్తామని ఎవరూ అనడం లేదు. అమెరికాలో 1981 నుంచి పేదలు యిళ్లు వెచ్చబెట్టుకోవడానికి యిచ్చే సహాయం చాలావరకు ఇంధనం సరఫరా చేసే కంపెనీకే నేరుగా వెళుతుంది. బ్రిటన్‌లో 2024లో ముసలివారి చలికాలపు ఇంధన భత్యానికి ప్రభుత్వం కోత పెట్టింది. నిరసన పెరిగేసరికి 2025లో చాలామందికి తిరిగి యివ్వక తప్పలేదు. నోరెత్తితేనే సాధ్యమైంది.

భూపాలపల్లిలో బొగ్గు తవ్వుతున్నారు, చెల్పూరులో కరెంటు తీస్తున్నారు. ఆ కరెంటు పట్నాల్లో వెలుగుతుంటే, ఆ జిల్లా ఆడకూలీలు పొద్దంతా పనిచేసి కట్టెల మోపు నెత్తికెత్తుకుంటున్నారు. ఆ మోపుకు కూలి లేదు. పొగకు మండే కళ్లకు, దగ్గుకు లెక్క లేదు.

అందుచేత మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. పాత వాడకం లెక్క రద్దు చేసి ప్రతి పేద కుటుంబానికి ఏడాదికి 12 బండలు యివ్వాలి. బండ యింటికి వచ్చినప్పుడు 500 మాత్రమే తీసుకోవాలి. తేడా సర్కారే కంపెనీలకు కట్టాలి. 2025 జూలై నుంచి కొత్త రేషన్ కార్డులు పొందినవారందరినీ చేర్చాలి. తండాలకు, గూడేలకు అదనపు పైసలు లేకుండా బండ చేరవేయాలి.

దొర గడీకి వెట్టిగా కట్టెలు మోసిన తాతల కాలం పోయింది. అది దానంతటది పోలేదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నెత్తురు చిందింది. యిప్పుడు మనం చేయవలసింది యిది: ప్రతి వూళ్లో కూలీలు కూర్చుని, ఏ యింట్లో ఏడాదికి ఎన్ని బండలు కొన్నారు, సబ్సిడీ ఎప్పుడు పడింది, కట్టెలకు ఎన్ని పూటలు పోయాయి - రాయాలి. ఆ కాగితం పట్టుకుని అందరూ కలిసి తహశీల్దారు ఆఫీసుకు కదలాలి. అంతకు మించిన వినతిపత్రం మరొకటి లేదు.