రద్దీ లేని దారి ఎవరికి, దారే లేని ఊరు ఎవరిది?

వానలు తగ్గి చలి ముదిరితే చాలు, విశాఖ, హైదరాబాద్ సైక్లింగ్ బృందాల చూపు తూర్పు కనుమల మీద పడుతుంది. లంబసింగి, చింతపల్లి, అరకు, మారేడుమిల్లి. ఇప్పుడు తారు రోడ్డు కూడా కాదు, దాని పక్కనుంచి చీలి అడవిలోకి పోయే మట్టిబాటలే కావాలంటున్నారు. వాటికోసం గ్రావెల్ సైకిల్ అని ఒకటి వచ్చింది. రేసు సైకిల్‌లా వంగిన హ్యాండిల్, వెడల్పు టైర్లు ఉంటాయి. తారు మీదా, కంకర మీదా పోతుంది. కాస్త మంచిది కొనాలంటే లక్ష దాటుతుంది. ఈ సవారీల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: బండ్లు లేవు, హారన్ లేదు, మనిషి అలికిడి లేదు.

మాకు సైకిల్ మీద కోపం లేదు. ఉండే వీలూ లేదు. ఊరి నడివీధిలోకి రాగానే సైకిల్ దిగి, చెప్పులు చేతబట్టుకుని నడిపించుకుపోవాల్సిన తాతల మనవలం మేము. దళితుడు సైకిలెక్కి పెద్దవీధిలో పోవడమే నేరమైన ఊళ్లు మనకు కొత్త కాదు. దారి మీద ఎవరు పోవచ్చు, ఎవరు దిగాలి అన్నది ఈ దేశంలో మొదటినుంచీ కులం తేల్చిన సంగతే. అందుకే అడవి బాటల మీద ఈ కొత్త మోజును కూడా అదే కంటితో చూస్తున్నాం. పొగ లేని, చెట్టు కొట్టని విహారం మంచిదే. కానీ ఆ బాట మీద రద్దీ ఎందుకు లేదు?

రోడ్డు వేయలేదు కాబట్టి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ, అనకాపల్లి జిల్లా కొండ అంచు మండలాల్లోనూ వానాకాలంలో వచ్చే డోలీ వార్తలు చదవని వాళ్లుండరు. ఒక వెదురు బొంగు, దానికి కట్టిన దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న గర్భిణి, మోసేందుకు నలుగురు మగవాళ్లు. తారు రోడ్డు దాకా మోస్తే అక్కడ అంబులెన్స్ దొరుకుతుంది. కొందరు మధ్యలోనే ప్రసవిస్తారు, కొందరు మధ్యలోనే పోతారు. శవం తిరిగొచ్చేదీ అదే డోలీలో. సైకిలిస్టు మురిసిపోయే గులకరాళ్ల ఏటవాలూ, బురద మలుపూ, వంతెన లేని గెడ్డా వీళ్లకు సంతకూ, రేషన్‌కూ, ఆసుపత్రికీ ఉన్న ఒకే ఒక దారి. ప్రభుత్వం దీనికి కనిపెట్టిన ఉపాయాల్లో ఒకటి, నెలలు నిండకముందే గర్భిణిని తెచ్చి మైదానంలోని వసతి గృహంలో ఉంచడం. ప్రాణాలు నిలిస్తే మంచిదే. కానీ ఇంట్లో మిగిలిన చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు, ఆమె పోడు చేను ఎవరు కాస్తారు అని అడిగితే జవాబు రాదు. రోడ్డు కదలదు కాబట్టి మనిషినే కదపాలన్నమాట.

జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అడవి దారుల్ని చూపించి, అక్కడిలా ఇక్కడెందుకు వద్దని కొందరు అడుగుతారు. అక్కడ ఆ కంకర దారి రెండో దారి. పక్క ఊరికి తారు రోడ్డు వేరే ఉంది. ఇక్కడ రెండోది లేదు.

రోడ్డు వేయకపోవడానికి అధికారులు చెప్పే కారణం తరచూ ఒకటే, అటవీ అనుమతులు. చట్టం నిజంగా అంత అడ్డమా? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) బడి, అంగన్‌వాడీ, మంచినీరు, రోడ్డు సహా 13 రకాల సదుపాయాలకు అటవీ భూమి ఇవ్వొచ్చంటుంది. గ్రామసభ సిఫారసు కావాలి. ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు దాటకూడదు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఒక హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పున రోడ్డు వేస్తే రెండు కిలోమీటర్లకే హెక్టారు అయిపోతుంది. ఊరు ఆరు కిలోమీటర్ల లోపలుంటే? ఫైలు 1980 అటవీ సంరక్షణ చట్టం కిందికి మారుతుంది, అనుమతుల మెట్లు ఎక్కుతుంది. ఈలోగా ఎన్నికలొస్తాయి, అధికారి బదిలీ అవుతాడు, వేసిన మట్టిరోడ్డు రెండు వానలకు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు అదే 1980 చట్టానికి 2023లో చేసిన సవరణ చూడండి. అటవీ శాఖ పని ప్రణాళికలో చేర్చిన ఎకో టూరిజం సదుపాయాలు ఇకపై అటవీయేతర పని కిందికి రావు. అంటే వాటికి ఆ చట్టం కింద కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదు. మాకు అర్థమైంది ఇది: ఊరికి ఆరు కిలోమీటర్ల రోడ్డు అడవికి పరాయి పని, సందర్శకుల కోసం కట్టేది అడవి సొంత పని. ఎవరో సైకిలిస్టు చేసిన మోసం కాదిది. పార్లమెంటు చేసిన చట్టం.

లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఆ రోడ్డు బ్రిటిష్ కాలంలో గూడెం మన్యం ఆదివాసుల చేత వేయించినదే. బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కూలి సరిగా ఇవ్వకుండా, బలవంతంగా వాళ్ల చేత రాళ్లు మోయించాడు. పోడు మీద నిషేధం, దానికి తోడు ఈ వెట్టి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిన తిరుగుబాటుకు కారణాల్లో ఇదీ ఒకటి. అల్లూరి పక్కన గాం గంటం దొర, మల్లు దొర నడిచింది ఈ కొండల్లోనే. అప్పుడు దొర గుర్రానికి, కలప బండికి రోడ్డు కావాలి కాబట్టి మన్యం వాళ్ల వీపు మీదుగా వేయించారు. ఇప్పుడు మన్యం వాళ్లకు రోడ్డు కావాలంటే చెట్లు గుర్తొస్తాయి.

దళితుల సైట్‌లో ఆదివాసుల రోడ్ల గొడవేంటని అడిగే మిత్రులుంటారు. ఒకటి, ఇది మన గొడవ కూడా. రెండు, అడవి అంచు ఊళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అటవీ హక్కుల చట్టం వాళ్లను ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అంటుంది. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. తాత పేర పట్టా లేని, ఊరి రికార్డులో ఇంటి నంబరు కూడా సరిగా ఎక్కని మాల మాదిగ కుటుంబం 1930 నాటి కాగితం ఎక్కడ తెస్తుంది? హక్కు పత్రం లేనివాడి బాట అధికారిక పటంలో బాట కాదు. రేపు అది ‘ట్రెయిల్’ అని పేరు మార్చుకుని గేటు పెట్టించుకున్నప్పుడు, కట్టెల మోపుతో వచ్చే మన ఆడవాళ్లే ఆ గేటు దగ్గర ఆగాల్సి వస్తుంది. మా భయం ఇదీ.

ఇక డబ్బు సంగతి. మైదానం నుంచి వచ్చిన పెట్టుబడి బినామీ పేర్లతో రిసార్టులు కట్టడం అరకు, లంబసింగి చుట్టుపక్కల వినపడని ఫిర్యాదేమీ కాదు. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించింది. 1997 సమతా తీర్పు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పింది. అదే తీర్పు వ్యాపారం మీద వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి నీళ్లకూ, బడులకూ, ఆసుపత్రులకూ, రోడ్లకూ ఖర్చు చేయాలంది. గనుల కేసులో చెప్పిన ఆ సూత్రం విహార వ్యాపారానికి ఎందుకు పట్టదు? మారేడుమిల్లి తరహాలో అటవీ శాఖ, వన సంరక్షణ సమితులు కలిసి నడిపే నమూనాలో స్థానికులకు కొంత పని దొరుకుతోంది, కాదనం. అయితే సమితి గ్రామసభ కాదు. సమితి ఖాతా నుంచి డబ్బు తీయాలంటే అటవీ అధికారి సంతకం కూడా కావాలి.

రోడ్ల కోసం పథకాలు లేవని కాదు. 2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం సుమారు వెయ్యి కోట్ల అంచనాతో అడవితల్లి బాట మొదలుపెట్టింది. శంకుస్థాపన ఫొటోలు అందరం చూశాం. చూడాల్సింది ఏ గూడేనికి ఎన్ని మీటర్లు పడింది, ఎక్కడ అటవీ అనుమతి దగ్గర ఆగింది అన్నది.

సైకిల్ మీద పోయే మిత్రులకు మాది చిన్న మాట. బాట తాలూకు జీపీఎస్ గీతను యాప్‌లో అందరికీ పెట్టేముందు ఆ గూడెం వాళ్లను అడగండి. అది వాళ్ల పశువుల దారి కావచ్చు, దేవత గుడి దారి కావచ్చు. దారి చూపినవాడికి టీ డబ్బులు కాదు, రోజు కూలి ఇవ్వండి. తిరిగొచ్చాక ఫొటోతో పాటు ఆ ఊరికి ఆసుపత్రి ఎంత దూరమో కూడా రాయండి.

విద్యార్థి మిత్రులకు వేరే పని ఉంది. సమాచార హక్కు కింద మూడు కాగితాలు అడగండి. డివిజన్ అటవీ పని ప్రణాళికలో ఎకో టూరిజం కింద చేర్చిన స్థలాల జాబితా, వాటికి గ్రామసభ తీర్మానం ఉంటే దాని నకలు, అదే డివిజన్‌లో సెక్షన్ 3(2) కింద రోడ్ల కోసం వచ్చి ఆగిపోయిన దరఖాస్తుల వివరాలు. మొదటి జాబితానూ మూడో జాబితానూ ఒకే పటం మీద గుర్తు పెట్టి మాకు పంపండి.